నలుపు తెలుపు ఫోటోలకు ఇంకు సొంతంగ కలపాలెనా, కంపెనీదే పొయ్యాలెనా?

పాలమూరు_నీడ:
ఆరు ట్యాంకుల ఎప్సాన్ ప్రింటర్, డై ఇంకు (నీళ్లల్ల కరిగే రంగు). పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఫోటో ప్రింటు తీస్తే, స్తంభాల నీడలు ట్యూబులైటు కింద ఆకుపచ్చగ, ఎండల ఎర్రగ కొడుతున్నయి. కార్బన్ నలుపు ఒక్కదాన్నే పలుచగ చేసి ఆరు ట్యాంకులల్ల పోస్తే ఈ బాధ పోతదా?

నల్లగొండ_మసి:
పోతదన్న. మూడు రంగులు కలిపి బూడిదరంగు పుట్టిస్తే వెలుతురు మారినప్పుడల్ల ఛాయ మారుతది. కార్బన్ అంటే మసి, అది పెద్దగ మారదు. పైగా లేత భాగాలల్ల నల్లచుక్కలు దూరదూరంగ పడకుండ, పలుచని ఇంకు దగ్గరదగ్గర పడతది, గరుకు కనపడదు.

100 మి.లీ. బేస్‌కు (ఇంకును పలుచ చేసే ద్రవం) మొదటి మోతాదు: గ్లిజరిన్ 20, కొడాక్ ఫోటో-ఫ్లో (తడి సమంగ పరుచుకునేటట్టు చేసే మందు) 1, మిగిలింది డిస్టిల్డ్ వాటర్. మాట్ (మెరవని) కాగితానికి వాడే నలుపు పిగ్మెంట్‌ను (నీళ్లల్ల కరగని పొడి రంగు ఇంకు) ఒక ట్యాంకుల అట్లనే పోసి, మిగతా అయిదింటికి 30, 18, 9, 6, 2 శాతం చెయ్యాలె. 18 శాతమంటే ఇంకు 18 మి.లీ., బేస్ 82. గ్లిజరిన్ తగ్గితే నాజిల్ (ఇంకు చిమ్మే రంధ్రం) ఎండుతది, ఎక్కువైతే ప్రింటు ఆరదు. ఫోటో-ఫ్లో ఎక్కువైతే ఇంకు హెడ్ కింద పాకుతది.

నీళ్ల దగ్గర మాత్రం రాజీ పడొద్దు. మన బోరునీళ్లల్ల ఉన్న కాల్షియంకు పిగ్మెంట్ ముద్దకట్టి అడుగుకు దిగుతది. ఫ్లోరైడ్ తియ్యనీకి పటిక, సున్నం వేసిన నీళ్లు కూడ వద్దు, పటికల అల్యూమినియం అదే పని చేస్తది.

దేవరకొండ_అచ్చు:
నేను వద్దంట. పలుచబడ్డ కార్బన్ గోధుమ రంగుకు తిరుగుతది. మాట్ నలుపు గ్లాసీ కాగితం మీద అంటుకోదు, వేలుపెడితే ఊడుతది. మామూలు డ్రైవర్ 30 శాతం ఇంకును సయాన్ అనుకొనే పంపుతది, కాబట్టి ఏ ట్యాంకు ఇంకు ఎంత పడాలెనో మనమే చెప్పే క్యూటీఆర్ (క్వాడ్‌టోన్ రిప్) లాంటి సాఫ్ట్‌వేర్ లేకుంటే చెయ్యనేవద్దు. మీ మోడల్‌కు అది పనిచేస్తదో లేదో ఇంకు కొనకముందే చూసుకోండి. పాత డై గొట్టాలల్ల మిగిలితే పిగ్మెంట్‌తోని కలిసి గడ్డకట్టొచ్చు, ముందు బేస్‌తోనే కడగాలె. నెలకు నాలుగు ప్రింట్లు తీసేటోళ్లకు ఇంత తంటా ఎందుకు?

నల్లగొండ_మసి:
గోధుమ ఛాయ నిజమే. సయాన్, మెజెంటా పిగ్మెంట్లు కొంచెం కలిపిన టోనర్‌ను ఒక ట్యాంకుల పెడితే చల్లబడతది. కాని అవి కార్బన్ కంటె ముందు వెలిసిపోతయి. ఏండ్లు నిలవాల్సిన ఫోటోకు ఆ గోధుమనే ఉంచుడు మంచిది. పిల్లలమర్రి ఊడల ఫోటోకు అయితే అదే అందం. గ్లాసీ మాట ఒప్పుకుంట, ఈ పని మాట్ కాగితానికే.

కొలత_సరిగ:
ఇద్దరూ సిరంజి సంగతి వదిలేసిండ్రు. 2 శాతానికి నేరుగ 2 మి.లీ. తీస్తే, అర మి.లీ. తప్పినా బలం పావువంతు మారుతది. 30 శాతం దాంట్ల అదే తప్పు రెండు శాతం కూడ కాదు. అందుకే మెట్లు దిగాలె: 30 శాతం ఇంకు 20 మి.లీ. + బేస్ 80 = 6 శాతం. ఆ 6 శాతంది 33 మి.లీ. + బేస్ 67 = సుమారు 2 శాతం. తూకమేస్తే గ్రాములు, మి.లీ. కలపొద్దు, గ్లిజరిన్ మి.లీ.కి 1.26 గ్రాములు తూగుతది.

తర్వాత 0 నుంచి 100 దాక 5 శాతం తేడాతో 21 గడుల పట్టీ ప్రింటు తీసి, రాత్రంత ఆరనిచ్చి ఏ గడి ఎంత నలుపో కొలవాలె. తడిమీద కొలిస్తే ప్రొఫైలే (ఏ నలుపుకు ఎంత ఇంకు పడాలెనో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే లెక్క) తప్పుతది.

దేవరకొండ_అచ్చు:
మెట్ల లెక్క బాగుంది. అయినా ట్యాంకుల పలుచని ఇంకే ముందు దిగుతది, దాన్ని ఊపనీకి రాదు. వారానికి ఒక్కసారన్న ఆరు ట్యాంకులు వాడే ప్రింటు తియ్యలేనోళ్లు, మే ఎండలల్ల అయితే మూడు రోజులకొకసారి నాజిల్ చెక్ చెయ్యలేనోళ్లు మొదలుపెట్టొద్దు.

పాలమూరు_నీడ:
వారానికి రెండు మూడు ప్రింట్లు తప్పకుండ ఉంటయి, కాగితం మాట్‌దే. ముందు క్యూటీఆర్ జాబితాల మోడల్ చూసి, తర్వాత ఒక్క 30 శాతం సీసా కలిపి, రెండు రోజులు కదలకుండ పెట్టి అడుగు చూస్త.