కథ కంచికి వెళ్లాక

‘కథ కంచికి, మనం ఇంటికి’ అంటే కథ అయిపోయిందనే కదా, మరి మీరేంటి మీ అన్నదమ్ముల కథని మధ్యలో వదిలేశారు అని నిన్న ఈ గ్రూపులో ఒకరు అడిగారు. సరదాగానే అడిగారు గానీ నా జవాబు కాస్త పొడుగైంది.

ఆ మాటలో కథ అయిపోయిందని ఎక్కడుంది? కథ ఒక దారిన పోయింది, మనం ఒక దారిన పోయాం, అంతే. కంచికే ఎందుకు అన్నదానికి తలా ఒక వ్యుత్పత్తి చెప్తారు, ఆ గొడవ ఇప్పుడొద్దు.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగుదీ ఒడియాదీ రెండు రకాల ముగింపులు చెవిన పడతాయి. ఒడియాలో కథ చెప్పడం అయ్యాక ‘మో కథాటి సరిలా, ఫుల గఛటి మలా’ అంటారు. నా కథ అయిపోయింది, పూలమొక్క చచ్చిపోయింది అని. అక్కడితో ఊరుకోరు. మొక్కా మొక్కా ఎందుకు చచ్చావ్? నల్లావు తినేసింది. ఆవుని అడిగితే గొల్లవాడు కాయలేదంటుంది, వాడు పెద్దకోడలు అన్నం పెట్టలేదంటాడు, ఆవిడ పిల్లాడు ఏడ్చాడంటుంది, పిల్లాడు చీమ కుట్టిందంటాడు. ఈపాటికి మీకు ఏడు చేపలు గుర్తొచ్చే ఉంటాయి. మనకి అదే అసలు కథ, వాళ్లకి కథ అయ్యాక వచ్చే తోక.

తేడా అంతా చీమ దగ్గరుంది. మన చీమ ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అని ఎదురు అడుగుతుంది. తప్పు పిల్లాడిదని తేలింది, కేసు కొట్టేశారు. ఒడియా చీమేమో నేను మట్టి కింద ఉంటాను, మెత్తటి మాంసం దొరికితే కుడతాను అంటుంది. ఇంక అడగడానికేం లేదు, అలాగని జవాబూ దొరకలేదు. కథలు రాసేవాడిగా నాకు ఈ రెండో చీమే ఇష్టం. (ఆ మాటకొస్తే మన చేప చివరికి ఎండిందా? ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు కూడా.)

మీరు అడిగిన నా కథలో ఇల్లు పంచుకున్నాక అన్న తాళం చెవి గుమ్మం మీద పెట్టి వెళ్లిపోతాడు. అలిగా, ఇష్టంగా వదులుకునా అన్నది నేను రాయలేదు.

బరంపురం సభ్యురాలు: మేష్టారూ, చెప్పకుండా వదలడం వేరు, చెప్పడం చేతకాక వదలడం వేరు కదండీ. ఈమధ్య రెండోదే ఎక్కువ చూస్తున్నాను.

నిజమేనమ్మా. నేను చూసుకునేది ఒకటే, రెండు అర్థాలకీ కథలో ఆధారం ఉండాలి. అన్న తన వాటా గిన్నెలు లెక్కపెట్టుకున్నాడని ఒకచోట ఉంది. తమ్ముడి కూతురి స్కూల్ ఫీజు కట్టాడని ఇంకోచోట ఉంది. ఫీజు తీసేస్తే అది అలక కథ, గిన్నెలు తీసేస్తే త్యాగం కథ. రెండూ లేకుండా తాళం చెవి ఒక్కటీ పెడితే మీరన్నట్టు చేతకానితనమే.

రాయగడ సభ్యుడు: మా వైపు గుమ్మం మీద తాళం చెవి పెట్టినవాడు సాయంత్రానికి తిరిగొస్తాడండి. నిజంగా పోయేవాడు ఎదురింట్లో ఇచ్చి పోతాడు.

అయితే మీ వీధిలో నా కథకి మూడో అర్థం ఉందన్నమాట. దానికి మాత్రం నేను ఆధారమేమీ పెట్టలేదు, మీరే పట్టుకొచ్చారు.