‘అభ్రగపతిం బన్నింపడు’: బన్నింపడా, మన్నింపడా? ఒక కారు కోసం అడుగుతున్నాను

సరూర్‌నగర్ చెరువు:
రెండు రోజులుగా ఈ ముక్క బుర్రలోంచి పోవడం లేదు. సంగతి కొంచెం చుట్టు తిరిగి చెప్పాలి.

నీడ్ ఫర్ స్పీడ్ అనే కారు రేసుల వీడియో గేముల్లో బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్ అని ఒక కారుంది. వెండి రంగు మీద నీలం బొమ్మలు. దాని మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 2005 నాటి మోస్ట్ వాంటెడ్‌లో కథ మొదలయ్యేసరికి అది మన కారే. ఎవరో ముందే పాడుచేసి పెడతారు, రేసు మధ్యలో ఆయిల్ కారిపోతుంది, ఓడిపోతాం, రేజర్ అనేవాడు కారు పట్టుకుపోతాడు. బ్లాక్‌లిస్ట్‌లో ఉన్న పదిహేను మందిని ఒక్కొక్కరినే ఓడించుకుంటూ పోయి, ఒకటో నంబరు రేజర్‌ని ఓడిస్తేనే తిరిగి చేతికొస్తుంది. ఆటల భాషలో దీన్ని అన్‌లాక్ అంటారు. ‘తాళం తీసిన కారు’ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. తాళం రోజూ పొద్దున అపార్ట్‌మెంట్ కింద తీస్తాం.

2006లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఆడేవాళ్ళం. పక్క సీటువాడు ‘ఇడిపిచ్చినవారా?’ అని అడిగేవాడు. కుదువ పెట్టిన గొలుసు విడిపించుకోవడం అంటామే, ఆ మాటే. తర్వాత ఇంట్లో కంప్యూటర్ వచ్చింది. మా నాన్న తెలుగు పండితులు. నేను ఇంజను, టైర్లు, నైట్రస్ ఏమీ చూసుకోకుండా ఆత్రంగా రేసులోకి దిగితే, వెనక నిలబడి ‘అభ్రగపతిం బన్నింపడు’ అనేవారు. పోతన భాగవతంలో, ఏనుగును కాపాడడానికి విష్ణువు ఉన్నపళంగా పరుగెత్తే ‘సిరికిం జెప్పడు’ పద్యంలోది. అభ్రగపతి అంటే గరుత్మంతుడు. ఆ ఒక్క ముక్కే, ముందూ వెనకా లేదు.

నాన్న ఇప్పుడు లేరు. వెతికితే చాలాచోట్ల ‘మన్నింపడు’ అని కనిపిస్తోంది. నా చెవిలో ఉన్నది మాత్రం ‘బ’. ఏది సరైన పాఠం? ‘బన్నింపడు’లో ఉన్న ‘పన్ను’ అనే క్రియను నా కారుకు వాడుకోవచ్చా?

కోఠి పాఠకుడు:
మన్నింపడే అండీ. బళ్ళో మేం వల్లె వేసింది అదే. లక్ష్మికి చెప్పలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుడు ఎదురుగా ఉన్నా లెక్కచేయలేదు. ఎంత చక్కగా ఉందో చూడండి.

యతిప్రియ:
చక్కగా ఉంటే చాలదు గారూ, ఈ పద్యం మత్తేభం, అందులో పాదం మొదటి అక్షరంతో పద్నాలుగో అక్షరం కుదరాలి, యతి అంటే అదే. పాదం ‘పరివారంబును’ అని పకారంతో ఎత్తుకుంది. వేళ్ళ మీద లెక్కపెట్టండి, పద్నాలుగోది సరిగ్గా మనం తగువు పడుతున్న అక్షరమే వస్తుంది. పకు బ చెల్లుతుంది. మ చెల్లదు.

కోఠి పాఠకుడు:
ముందు సున్న ఉంటే ప, బ లాంటి పవర్గాక్షరాలకు మకారంతో యతి చెల్లుతుంది, బిందుయతి అంటారు కదా? ‘పతిం’ అని సున్న కూడా ఉందాయె.

యతిప్రియ:
ఆ సున్న బ ముందు వచ్చింది. మీరు మ పెడితే అది ‘పతిన్ మన్నింప’ అవుతుంది. అప్పుడు సున్న ఉండాల్సింది పాదం మొదట్లోని ప ముందు. అక్కడ ‘సంధింపడే’ అని ఏకారంతో పై పాదం ముగిసింది. సున్న ఎక్కణ్ణుంచి తెస్తారు?

పాత పుస్తకం:
‘సంధింపడే’ అని ఒక మాటగా చదవకండి. ‘సంధింపడు’ దగ్గర ఆగాలి. ‘ఏ పరివారంబును జీరడు’ అని ఆ ఏ తర్వాతి పాదానిది. ఏ ఒక్క పరిచారకుణ్ణీ పిలవలేదని. చాలామంది ‘డే’ని సాగదీసి ప్రశ్నలా పాడుతున్నారు, అది వింటే బాధగా ఉంటుంది.

ఇక పన్ను సంగతి. రథం పన్నడం, ఏనుగును పన్నడం పాత కావ్యాల్లో మామూలు మాటలు. వాహనాన్ని ప్రయాణానికో యుద్ధానికో సిద్ధం చేయడం. పన్నించడం అంటే ఇంకొకరి చేత ఆ పని చేయించడం. మనకిప్పుడు వల పన్నడం, వ్యూహం పన్నడం, కుట్ర పన్నడం మిగిలాయి. బండి పన్నడం పోయింది. అందుకే చదివేవాళ్ళకు ‘బన్నింపడు’ తెలియని మాటై, తెలిసిన మాటొకటి వచ్చి అక్కడ కూర్చుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా నాకొక అనుమానం. ‘లావొక్కింతయు లేదు’లో ‘మన్నింపందగున్ దీనునిన్’ అని ఏనుగే అంటుంది. రెండు పద్యాలూ ఒకే నోట వల్లె వేసినవాళ్ళకు అక్కడి మన్నింపు ఇక్కడికి జారింది.

కోఠి పాఠకుడు:
యతి దగ్గర నేను తగ్గుతాను. ఈ జారడం మాత్రం ఊహే. రుజువు కావాలి.

అడయారు నుంచి హైదరాబాద్:
తమిళంలో ‘పణ్ణు’ అంటే చేయడం, అందరికీ తెలిసిందే. ‘పణ్’ అంటే రాగం కూడా. వీణ తీగ బిగించి శ్రుతి చేయడం, గుర్రానికి జీను బిగించడం, ఈ రెండూ ఒకే ధాతువు కింద ఉన్నాయని నా నమ్మకం. కార్లవాళ్ళు ట్యూనింగ్ అంటారు చూడండి, అది వాద్యానికీ చెల్లుతుంది, ఇంజనుకూ చెల్లుతుంది. మన ‘పన్ను’ సరిగ్గా అదే. చెరువు గారూ, మీ నాన్నగారు చెప్పింది అన్‌లాక్ గురించి కాదు, ట్యూనింగ్ గురించి.

సరూర్‌నగర్ చెరువు:
ఇది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ ఆటలో పార్టులు కొనడం వేరు, కొన్నాక స్టీరింగు, బ్రేకులు, ఎత్తు మనకు నచ్చినట్టు సవరించుకోవడం వేరు. నేను ఆ రెండో పని ఎప్పుడూ చేసేవాణ్ణి కాదు. నాన్నకు ఆట రాదు, కానీ ఆ తెర ఒకటి ఉందని చూశారు.

ట్రాక్ పక్కన:
పద్యం నాకు తెలియదు కాబట్టి కారు గురించి చెప్తాను. ఆ తరం (ఈ46) మామూలు ఎం3లో ఉండేది 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. జీటీఆర్‌కు 4 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టి 2001లో అమెరికన్ లే మాన్స్ సిరీస్ అనే రేసుల్లో దించారు. వీ8తో రోడ్డు మీద అమ్మే ఎం3 లేదు కదా అని మిగతావాళ్ళు గొడవ చేశారు. మరుసటి ఏడాదికి 100 కార్లు, 1000 ఇంజన్లు తయారుచేసి ఉండాలని నిబంధన మార్చేసరికి కంపెనీ అక్కడ పోటీ మానుకుంది. తర్వాత అదే కారు 2004లో, 2005లో న్యూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసు గెలిచింది. అంటే పుట్టుకతోనే అది పన్నిన కారు. షోరూములో కొనుక్కునేది కాదు.

పాత పుస్తకం:
‘పన్నిన కారు’. చెవికి బాగుంది.

యతిప్రియ:
బాగుంది కానీ అడిగింది అది కాదు. చెరువు గారికి కావాల్సింది దక్కించుకున్న కారుకు మాట.

సరూర్‌నగర్ చెరువు:
అవునండీ, నా చిక్కు అక్కడే. అదే కారు, ఆట మారేకొద్దీ క్రియ మారిపోయింది. 2005లో విడిపించుకున్నాం. 2006లో వచ్చిన కార్బన్ ఆటలో మొదటి సన్నివేశంలోనే మన కింద ఉంటుంది, పామాంట్ అనే ఊరి దారిలో క్రాస్ అనేవాడు వెంటపడతాడు, కారు నుజ్జవుతుంది. అంత కష్టపడి తెచ్చుకున్నది పది నిమిషాల్లో పోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. 2012లో క్రైటీరియన్ కంపెనీవాళ్ళు మోస్ట్ వాంటెడ్ పేరుతోనే మళ్ళీ ఆట చేశారు. అందులో కార్లు ఊళ్ళో అక్కడక్కడా ఆపి ఉంటాయి, పక్కకు వెళ్ళి ఎక్కేయడమే. జీటీఆర్ మాత్రం విడిగా డబ్బు పెట్టి కొనుక్కునే ప్యాక్‌లో వచ్చింది. విడిపించడం, పోగొట్టుకోవడం, కొనడం. మూడింటికీ ‘అన్‌లాక్’ అని ఒకే మాట రాస్తే ఆ కారుకు జరిగిందేమిటో చదివేవాడికి తెలియదు.

కోఠి పాఠకుడు:
అయితే ‘ఇడిపిచ్చిన కారు’ అనే రాయండి. మన ఊళ్ళో పోలీసులు ఎత్తుకుపోయిన బండిని కూడా విడిపించుకొచ్చామనే అంటాం.

పాత పుస్తకం:
ఒక్క నిమిషం. ఆ పద్యంలోనే ఆ మాట కూడా ఉంది కదా! ‘చేలాంచలమైన వీడడు’. వీడడం, విడవడం, విడిపించడం అన్నీ ఒక గూటివే. నాలుగో మాటలో పన్నించడం, చివర్లో వీడడం. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరు ‘లేదు’లు. ఏమీ చేయలేదు అని చెబుతూనే ఆ పరుగు మొత్తం కళ్ళకు కట్టాడు పోతన. ‘మన్నింపడు’ అంటే ఆ వరస చెడుతుంది. మిగతా అయిదూ బయలుదేరే ముందు చేయాల్సిన పనులు, మన్నించడం పని కాదు.

యతిప్రియ:
‘వీడడు’ బయలుదేరే ముందు చేసే పనా?

పాత పుస్తకం:
లక్ష్మి కొంగు వదిలి బయలుదేరాలి కదండీ. వదల్లేదు. అదే కదా అందం.

అడయారు నుంచి హైదరాబాద్:
పోతన ఊరు బమ్మెర వెళ్ళినప్పుడు ఆ పొలాల దగ్గర ఈ పద్యం పైకి చదివాను. ‘బన్నింప’ దగ్గర పెదవులు రెండూ కలిసి విడిపోతాయి, అప్పుడు ఊపు వస్తుంది. ‘మన్నింప’లో ముక్కులోకి పోతుంది.

కోఠి పాఠకుడు:
పెదవుల మాట సాక్ష్యం కాదు. శనివారం చిక్కడపల్లి గ్రంథాలయంలో పాత ముద్రణలు చూద్దాం, ఎవరొస్తారు?

సరూర్‌నగర్ చెరువు:
నేనొస్తాను. నాన్న భాగవతం కూడా పట్టుకొస్తాను, అట్ట ఊడింది, ఆ పేజీ ఉందో లేదో చూడాలి. కారుకు మాట మాత్రం ఇంకా తేలలేదండీ.

యతిప్రియ:
తేలుద్దాం. ముందు ఆ ‘ఏ’ సంగతి చూడాలి. ‘ఏ పరివారంబును’ అంటే ఎవరినీ కాదనా, లేక ‘ఏ’ను అవధారణగా, నొక్కి చెప్పడానికి, ‘సంధింపడు’కే కలుపుకోవాలా? నాకు రెండోదే నచ్చుతోంది.