బీలిబ్, ఎంలిబ్: తిరుపతిలో రెగ్యులరా, దూరవిద్యా?

పాకాల_ప్యాసింజర్:
బీకాం తర్వాత లైబ్రరీ సైన్స్ (ముందు డిగ్రీ బీలిబ్, ఆపైన పీజీ ఎంలిబ్) చదవాలనుంది. ఎస్వీయూలో రెగ్యులర్‌గా చేరాలా, ఇగ్నోలో కట్టాలా? ఖర్చు, ఉద్యోగం రెండూ చూసి చెప్పండన్నా.

కేటలాగు_కార్డు:
ప్రాస్పెక్టస్‌లో మొదటి పేజీ ఫీజు చూసి తేల్చేయొద్దు తమ్ముడూ. రెగ్యులర్‌కు ట్యూషన్, పరీక్ష ఫీజులతో పాటు మెస్ బిల్లో బస్సు పాసో వేసుకో. దూరవిద్యకు పేపరుకింత అని పరీక్ష ఫీజు విడిగా ఉంటుంది, ప్రాక్టికల్స్‌కు తిరగాలి. పేపరు తప్పితే మళ్లీ ఫీజు, ఆరు నెలలు ఆగడం. పైగా దూరవిద్యకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అర్హత ఉన్నవాళ్లకు చాలాసార్లు రెగ్యులరే చౌక.

అలిపిరి_అక్క:
ముందు ఏ పోస్టు కావాలో తేల్చుకో. కేంద్రీయ విద్యాలయ లైబ్రేరియన్‌కు బీలిబ్ చాలు. జీతాల్లో 7వ లెవెల్, నెలకు మూలవేతనం 44,900. కాకపోతే 35 ఏళ్ల వయోపరిమితి ఉంది, హిందీ రావాలి. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ పోస్టుల్లో యూజీసీ స్కేలు 57,700తో మొదలు. వాటికి ఎంలిబ్‌లో 55 శాతం, ఆపైన నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ స్లెట్ (రాష్ట్ర స్థాయిది) గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ బీసీలకు 50 శాతం. 54.9 వస్తే 55గా లెక్కేస్తారులే అనుకోవద్దు, నెట్‌లో రౌండాఫ్ లేదు.

పాకాల_ప్యాసింజర్:
బెంగళూరు కాలేజీల్లో ఇన్ఫర్మేషన్ సైన్స్ అని ఉంది. అదీ ఇదేనా?

అలిపిరి_అక్క:
కాదు. అది ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్‌కు తోబుట్టువు. నాలుగేళ్ల ఫీజు కట్టినా లైబ్రేరియన్ పోస్టుకు పనికిరాదు.

కేటలాగు_కార్డు:
నెట్‌లో మన సబ్జెక్టు కోడ్ 59. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000. ఎంలిబ్ ఖర్చు రెండు మూడు నెలల్లో తిరిగొచ్చేస్తుంది.

దూరవిద్య అయితే ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ సెషన్‌కు అనుమతి ఉందో లేదో యూజీసీ డెబ్ (దూరవిద్యా బ్యూరో) సైట్లో చూసుకో. అడ్మిషన్‌కు ఏబీసీ ఐడీతో (చదువు క్రెడిట్లు దాచే ఖాతా నంబరు) డెబ్ ఐడీ కూడా చేసుకోవాలి.

కుప్పం_కోహా:
దూరవిద్యలో దెబ్బ తగిలేది క్లాసిఫికేషన్ ప్రాక్టికల్లోనే. పుస్తకాలకు సబ్జెక్టు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి 23వ ఎడిషన్ నాలుగు సంపుటాలు, ఇంట్లో ఎవరి దగ్గర ఉంటాయి? తెలుగు సాహిత్యం 894.827, కవిత్వానికి 1 చేర్చి 894.8271. ఇంతవరకు నోట్సు చూసి రాసేయొచ్చు. స్టాండర్డ్ సబ్‌డివిజన్ (నిఘంటువా, పత్రికా, చరిత్రా అని చెప్పే చేర్పు అంకె) ముందు సున్నా ఒకటా రెండా అన్నది మాత్రం షెడ్యూల్లో, అంటే నంబర్ల జాబితాలో, సూచన చదివితేనే తెలుస్తుంది. మార్కులు అక్కడే పోతాయి. వారానికి రెండు రోజులైనా ఏదో లైబ్రరీలో కూర్చుని సంపుటాలు తిరగెయ్యాలి.

ప్రైవేటు కాలేజీ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ రెగ్యులరా అన్నదానికన్నా కోహా (లైబ్రరీ నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చా అనే ఎక్కువ అడుగుతారు. ఉచిత సాఫ్ట్‌వేరే. లాప్‌టాప్‌లో డెబియన్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇన్‌స్టాల్ చేసుకో, ఇంట్లో ఉన్న యాభై పుస్తకాలు ఎక్కించు. రికార్డులో ఫీల్డు నంబర్లుంటాయి: 100లో రచయిత, 245లో శీర్షిక, 082లో డ్యూయీ నంబరు, 952లో పుస్తకం కాపీ వివరాలు.

పాకాల_ప్యాసింజర్:
ఎక్కించిన పుస్తకం వెతికితే రావట్లేదని ఒకచోట చదివాను, ఎందుకట్లా?

కుప్పం_కోహా:
రికార్డు డేటాబేస్‌లో ఉంటుంది, జీబ్రా (కోహాలో వెతుకులాట నడిపే ఇంజిన్) ఇండెక్స్‌లో చేరి ఉండదు. ఇండెక్సర్ నడుస్తోందా చూడు, నడుస్తున్నా రాకపోతే ఇండెక్స్ మొత్తం రీబిల్డ్ చెయ్యి. ఇంటర్వ్యూలో కూడా ఇదే అడగొచ్చు.