ప్లైవుడ్ డబ్బు నా ఖాతాలో పడుతోంది, ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాలా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి 2025 ఏప్రిల్ నుంచి ఇంట్లోనే ఇంటీరియర్ డిజైన్ పని చేస్తున్నాను. హైదరాబాద్ సంస్థ ఒకటి నెలనెలా డ్రాయింగులు చేయించుకుంటుంది. 70,000 బిల్లుకి పది శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుని 63,000 వేస్తారు. ఇవి కాక బ్రాడీపేట, విద్యానగర్ వైపు ఇళ్లకు కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు డిజైన్ చేస్తాను. ఆ ఫీజు ఏడాదికి 5,60,000 వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, ఇళ్లవాళ్లు ప్లైవుడ్, లామినేట్ డబ్బు కూడా నాకే ఫోన్‌పే చేస్తారు. "నువ్వే చూసుకోమ్మా" అంటారు. నేను షాపుకీ, వడ్రంగి మేస్త్రీకీ కట్టేస్తాను. అందులో రూపాయి కూడా ఉంచుకోను. అలా వచ్చి పోయింది 9 లక్షలు. మొత్తం కలిపితే ఖాతాలో 22 లక్షలు దాటింది. ఒకాయన చూసి, జీఎస్టీ పడుతుంది, వెంటనే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టండి, 18 వేలు అవుతుంది అన్నారు. మా ఆయన సరే అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు 1 (విజయవాడ, ఆడిటర్ దగ్గర పద్నాలుగేళ్లుగా రిటర్నులు చూస్తున్నాను)

అమ్మా, ముందు ఆ 18 వేలు కట్టకండి. మీ పేరు మీదే, మీ పాన్ మీదే పని చేసుకోవచ్చు. దాన్నే ప్రొప్రైటర్‌షిప్ అంటారు, దానికి కంపెనీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అనే సెక్షన్ ఉంది, వృత్తి పనివాళ్లకు సులువు లెక్క అది. ఇంటీరియర్ డెకరేషన్ దాని కిందకు పేరుతో సహా వచ్చే వృత్తి. వచ్చిన ఫీజులో సగం ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల లెక్కలు అడగరు. సంస్థ ఇచ్చింది 8,40,000 (చేతికి వచ్చిన 63,000 కాదు, బిల్లు మొత్తమే లెక్క), ఇళ్ల ఫీజు 5,60,000, కలిపి 14 లక్షలు. అందులో సగం 7 లక్షలు. కొత్త పన్ను విధానంలో 2025-26కి 12 లక్షల ఆదాయం వరకు రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి, బ్యాంకు వడ్డీ లాంటివి కాస్త కలిసినా మీకు పన్ను సున్నా. పట్టుకున్న 84,000 టీడీఎస్ మొత్తం ఐటీఆర్-4 (ఇలాంటి సులువు లెక్క వాళ్ల రిటర్ను ఫారం) వేస్తే వెనక్కి వస్తుంది. ముందు 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద జమైన పన్ను చూపే పట్టికలో, ఆ మొత్తం కనిపిస్తోందో లేదో చూసుకోండి.

ఇక ఆ 9 లక్షలు. మన రాష్ట్రంలో సేవలకు జీఎస్టీ పరిమితి 20 లక్షలు. షాపు బిల్లులు ఎవరి పేరు మీద ఉన్నాయమ్మా? అంతా దాని మీదే ఉంది. ఇంటివాళ్ల పేరు మీద ఉండి, వాళ్ల తరఫున కొంటున్నట్టు కాగితం ఉండి, మీ బిల్లులో ఆ మొత్తం విడిగా, లాభం కలపకుండా రాసి ఉంటే అది మీ టర్నోవర్ కాదు. మీ పేరు మీద ఉంటే మాత్రం మీదే. అలా 20 లక్షలు దాటితే దాటిన రోజు నుంచి 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

జవాబు 2 (వరంగల్)

అక్కా, 2021లో నేనూ మా బావమరిదీ ఇలాగే ఎవరో చెప్పారని ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాం. రెండేళ్లకు పని ఆగిపోయింది. ఒక్క రూపాయి వ్యాపారం లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాల్సిందే. కంపెనీ ఏటా ప్రభుత్వానికి ఇచ్చే ఫారాలు, ఏఓసీ-4, ఎంజీటీ-7ఏ ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు వంద రూపాయలు. మేం కట్టిన మొత్తంలో ఒక మంచి లాప్‌టాప్ వచ్చేది. కంపెనీకి 44ఏడీఏ లేదు, 12 లక్షల రిబేటూ లేదు. మీరు డైరెక్టర్ అయితే మీ సొంత రిటర్నుకు ఐటీఆర్-4 కూడా కుదరదు, ఐటీఆర్-3 వేయాలి. భాగస్వాములో, పెట్టుబడి పెట్టేవాళ్లో వచ్చినప్పుడు కంపెనీ సంగతి చూడొచ్చు, ఇప్పుడు వద్దు.

ప్రశ్న అడిగినవారు

బిల్లులన్నీ నేల మీద పరుచుకుని చూశాను. మూడిళ్లవి వాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. వాళ్లు నన్నే కొనమన్న వాట్సాప్ మెసేజీలూ ఉన్నాయి. నా బిల్లులోనూ ఆ మొత్తం విడిగానే రాశాను. ఒక ఇంటివి మాత్రం, 2,10,000, షాపతను నా పేరు మీద కొట్టేశాడు. నేను చూసుకోలేదు.

జవాబు 1

అయితే అది మీ రాబడిలో కలపండి. 16,10,000 అవుతుంది, 20 లక్షల లోపే. అందులో సగం 8,05,000 కాబట్టి పన్ను అప్పటికీ సున్నాయే. ఆ మూడిళ్ల బిల్లులూ, వాట్సాప్ మెసేజీలూ జాగ్రత్తగా దాచండి, దగ్గర్లోని జీఎస్టీ ప్రాక్టీషనర్‌కు ఒకసారి చూపించండి. రాబోయే ఏడాది ప్లైవుడ్ డబ్బు మీ ఖాతాలోకి రానివ్వకండి. మీ పని కోసం వేరే కరెంట్ ఖాతా కావాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) రుజువుగా పనికొస్తుంది, అది ఉచితం. ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అండీ. ఆదివారం విద్యానగర్‌లో ఒక ఇంటికి ప్లైవుడ్ తీసుకోవాలి. షాపు నంబరు ఆ ఇంటావిడకే పంపాను. డబ్బు ఆవిడే నేరుగా కడతానన్నారు, బిల్లు కూడా ఆవిడ పేరు మీదే.