కూలీల బొమ్మ అంటే ముడతలేనా?

బొగ్గుముక్క (అనంతపురం):
మా ఊళ్లో శెనక్కాయలు విడిపించే ఆడవాళ్లను చార్‌కోల్‌తో గీసి ఒక ప్రదర్శనలో పెట్టాను. చూసినవాళ్లంతా "అయ్యో, ఎంత కష్టం" అన్నారు. బొమ్మలో ఉన్న పెద్దమ్మ మాత్రం, "నన్ను అడుక్కునేదాన్ని చేసినావు కదరా" అనింది. ఉన్న ముడతలే గీశాను. తప్పు నాదా?

పెన్నగట్టు:
నీదే తమ్ముడూ. ముడతలు గీశావు, పని గీయలేదు. ఎడమ చేత్తో చెట్టు పట్టుకుని కుడి చేత్తో కాయలు తెంపుతుంటే ఆ వేళ్లు ఎంత చురుగ్గా ఉంటాయి! నీ బొమ్మలో చేతులు ఒళ్లో పడి ఉన్నాయి. ఫోటో చూసి గీశావు కదూ?

ఎర్రనేల:
అక్కా, నేను ఒప్పుకోను. కరువు సీమలో కష్టం దాచితే మిగిలేది నెత్తిన గంప, ఎర్ర చీర, క్యాలెండర్ బొమ్మ. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్, జైనుల్ అబెదిన్ అనే చిత్రకారులు ఎముకలు తేలిన మనుషులను గీశారు. ఆ కరువు బొమ్మలతో వచ్చిన చిత్తప్రసాద్ పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. అందమైన బొమ్మలైతే తగలబెడతారా?

పెన్నగట్టు:
అది ఆకలిచావుల సాక్ష్యం. పెద్దమ్మ చావడం లేదు, కూలికి పోతోంది. 1885లో డచ్ చిత్రకారుడు వాన్ గో బంగాళాదుంపలు తినే రైతు కుటుంబాన్ని గీసి, పళ్లెంలో పెట్టే ఆ చేతులే నేల తవ్వాయని చూపించాలనుకున్నానని తమ్ముడికి రాశాడు. మొహాలు మొరటువే, కానీ జాలి పడమని అడగవు.

ఎర్రనేల:
ఆ బొమ్మ అచ్చు ప్రతి చూసి, వెనకున్న ఆడమనిషి చెయ్యి అబద్ధంగా ఉందని వాన్ గో స్నేహితుడు వాన్ రపార్డ్ కడిగేశాడు కదా! కుడివైపు మనిషికి మోకాలు, పొట్ట ఎందుకు లేవని కూడా అడిగాడు.

పెన్నగట్టు:
చూశావా, ఆయన వంక పెట్టిందీ చేతికే!

గడ్డపార:
పెద్ద పెద్ద పేర్లు సరే. గంపకింత అని కూలి ఇచ్చే చోట, నీ కోసం కదలకుండా కూర్చున్నంతసేపు ఆమె గంప నిండదు. ఆ డబ్బులు ఇచ్చావా?

బొగ్గుముక్క:
ఇవ్వలేదన్నా. పైగా అది ఫోటోనే, అక్క పట్టేసింది. నిన్న మళ్లీ పోయాను, ఫోన్ తీయలేదు. పని ఆపొద్దన్నాను. ఒక గీత గీసేలోగా ఇంకో చెట్టు అందుకుంటోంది! నాలుగు కాగితాలు పాడయ్యాయి. ఒకదాంట్లో బొటనవేలు కుదిరింది. మొహం జోలికి ఇంకా పోలేదు.

ఎర్రనేల:
పోయినప్పుడు ముడతలు మాత్రం చెరపొద్దు.