ప్రైమరీ పీఈలో గ్రేడ్ దేన్ని చూసి ఇవ్వాలి? సెక్షన్‌కు 36 మంది, వారానికి ఒక్క పీరియడ్

తెల్లగీత:
నమస్కారం. 1 నుంచి 5 తరగతుల వరకు పీఈ (వ్యాయామ విద్య). సెక్షన్‌కు 36 మంది, వారానికి ఒక్క పీరియడ్, అది కూడా 40 నిమిషాలే. టర్మ్ చివర ప్రోగ్రెస్ కార్డులో పీఈకి ఒక గ్రేడ్ వెయ్యాలి. ప్రస్తుతం వాడుకలో ఉన్న లెక్క ఇది: హాజరు 10, యూనిఫాం, బూట్లు 10, 50 మీటర్ల పరుగు 15, నిలబడి దూకే లాంగ్ జంప్ 15. మొత్తం 50.

దీనితో చిక్కేమిటంటే, మొదటి టర్మ్‌లో ఏ వచ్చినవాళ్లకే చివరి టర్మ్‌లోనూ ఏ వస్తోంది. సి వచ్చినవాళ్లు సి దగ్గరే ఉండిపోతున్నారు. "మా వాడు ఏం నేర్చుకుంటే బి వస్తుంది?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు లేదు. దేన్ని కొలవాలి? ఇంతమందిని ఆట ఆపకుండా ఎలా కొలవాలి? దాన్ని గ్రేడ్‌గా ఎలా మార్చాలి? చేసి చూసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

విజిల్:
మీ 50 మార్కుల్లో 20 చదువుకు సంబంధించినవే కావు. బూట్లు కొనేది తల్లిదండ్రులు, బడికి పంపేదీ వాళ్లే. మిగతా 30 పిల్లల ఎదుగుదలకు వేస్తున్న మార్కులు. ఒకే తరగతిలో అందరికంటే పెద్దకీ చిన్నకీ మధ్య దాదాపు 12 నెలల తేడా ఉండొచ్చు. ఆరేళ్ల వయసులో ఏడాది తేడా అంటే మాటలు కాదు. కాళ్లు పొడుగున్న పిల్ల ఏమీ నేర్చుకోకుండానే దూరం దూకుతుంది. అందుకే మీ గ్రేడ్లు కదలడం లేదు.

ఈ వయసులో చూడాల్సింది ఎంత దూరం పడిందన్నది కాదు, ఎలా విసిరారన్నది. భుజం మీదుగా బంతి విసరడమే తీసుకోండి. నాలుగు అంశాలు చాలు: చెయ్యి కిందినుంచి వెనక్కి వెళ్లి మొదలవడం, విసిరే ముందు విసరని చేతివైపు భుజం గోడకేసి తిరగడం, విసిరే చేతికి ఎదురు కాలు ముందుకు పడటం, బంతి వదిలాక చెయ్యి ఒంటి మీదుగా రెండో తుంటివైపు సాగడం. ఒక్కోదానికి ఉంది, లేదు అని రాస్తే చాలు. "బాగుంది", "పర్వాలేదు" లాంటి మాటలు షీటులోకి రానివ్వకండి. రేపు అదే పిల్లను చూస్తే అదే మాట రాస్తారని నమ్మకం లేదు.

చాలామంది బోల్తా పడేది గురి దగ్గర. 2 మీటర్ల దూరంలో బుట్ట పెట్టి అందులో వెయ్యమంటే, బాగా విసరగలిగిన పిల్లలు కూడా కాలు కదపకుండా మోచేతితో నెట్టేస్తారు. అంత దగ్గరికి ఒళ్లు తిప్పాల్సిన పనే లేదు మరి. గోడకు 6 మీటర్ల దూరంలో గీత గీసి, "గోడకు గట్టిగా తగలాలి" అనండి, గురి పెట్టొద్దు. అప్పుడే అడుగూ, నడుం తిరగడమూ బయటపడతాయి. బంతి ఆ పిల్ల ఒంటిచేత్తో పట్టుకోగలిగేంతే ఉండాలి. పెద్ద బంతి ఇస్తే రెండు చేతులతో విసురుతారు, మీరు చూడాలనుకున్నదే కనిపించదు.

ఇంకో మాట: షీటులో "ఎడమ కాలు" అని రాయకండి, "ఎదురు కాలు" అనండి. లేకపోతే ఎడమచేతివాటం పిల్లలందరికీ సున్నాలు పడతాయి.

రెండోబెల్:
36 మందిని ఎలా చూడాలన్నదానికి: వరసలో నిలబెట్టి ఒక్కొక్కరినీ పిలిచే పద్ధతి మానెయ్యాలి. మనిషికి నిమిషం అనుకున్నా 36 నిమిషాలు, అందులో ప్రతి పిల్లా 35 నిమిషాలు ఖాళీగా నిలబడుతుంది. పైగా అందరి కళ్లూ తన మీదే ఉంటే రాని పిల్లకు ఇంకా రాదు.

ఆరు స్టేషన్లు పెట్టండి, ఒక్కోదానికి ఆరుగురు. స్టేషన్‌కు 5 నిమిషాలు, మారడానికి ఒక్కో నిమిషం. అంటే 30, మీద 5. మొదట్లో చెప్పడానికి మరో 5 మిగులుతాయి. పీరియడ్ సరిపోతుంది, అందరూ ఒకసారి మీ స్టేషన్‌కు వస్తారు. మిగతా ఐదు స్టేషన్లలో పిల్లలకు ముందే బాగా వచ్చిన పనులే ఉండాలి: తాడాట, కోన్ల మధ్య బంతి తట్టుకుంటూ నడవడం, గీత మీద నడక, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టడం, రింగు విసరడం. కొత్త పని పెడితే ప్రతి నిమిషం "ఇదెలా చెయ్యాలి?" అని మీ దగ్గరికి పరిగెత్తుకొస్తారు. ఎక్కడం, పిల్లిమొగ్గలు లాంటివి ఆ రోజు అస్సలు వద్దు. మీ కళ్లు ఒకవైపే ఉంటాయి కాబట్టి.

మీ స్టేషన్ గ్రౌండ్ మూలలో పెట్టుకుని, వీపు ప్రహరీవైపు ఉండేలా నిలబడండి. మొత్తం గ్రౌండ్ ఎదురుగా ఉంటుంది.

ఆరుగురినీ గీత మీద ఎడంగా నిలబెట్టి, విజిల్‌కు ఒక్కసారే విసిరించండి. బంతులు తెచ్చుకోవడానికి వేరే విజిల్, లేకపోతే విసిరే పిల్లల ముందుకు వెళ్లి తగిలించుకుంటారు. ఒక విజిల్‌కు ఇద్దరినే చూడండి. ఆ ఇద్దరిలోనూ ఒకే అంశం, అంటే ఎదురు కాలు పడిందా లేదా. నాలుగు అంశాలూ ఒక్క చూపులో పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. ఈ వారం కాలు, వచ్చే వారం భుజం తిరగడం. కాలు చూడాలంటే విసిరే చేతివైపు పక్కగా నిలబడాలి. వెనకనుంచి చూస్తే ఏ కాలు ముందుందో తేలదు.

షీటులో పేర్లు రోల్ నంబరు వరసలో కాకుండా గ్రూపుల వారీగా రాసుకోండి, వెతుక్కునే టైం కలిసొస్తుంది. ఆ అంశం రానివాళ్లకు మాత్రమే గుర్తు పెట్టే పద్ధతి వేగంగా ఉంటుంది. దానిలో ఒక లొసుగుంది. ఖాళీగా ఉన్న గడి అంటే వచ్చినట్టా, ఆ రోజు బడికే రానట్టా? అందుకని పీరియడ్ మొదట్లోనే బడికి రానివాళ్ల పేర్లకు అడ్డగీత కొట్టేయండి.

విజిల్:
రెండోబెల్ గారి మాటకు చిన్న చేర్పు. బంతి పట్టుకోవడం కొలిచేటప్పుడు ఇంకో పిల్లతో విసిరించకండి. వాళ్లు పక్కకు విసిరితే పట్టుకోవాల్సిన పిల్లకు మార్కు పోతుంది. మీరే కిందినుంచి మెల్లగా వెయ్యాలి. భుజాలకూ నడుముకూ మధ్య వచ్చిన బంతులనే లెక్కపెట్టాలి, మిగతావి మళ్లీ వెయ్యాలి. చూడాల్సినవి మూడు: మోచేతులు వంచి చేతులు ముందు సిద్ధంగా ఉన్నాయా, బంతికి ఎదురు సాగాయా, గుండెకు అదుముకోకుండా వేళ్లతోనే పట్టారా. ముఖం పక్కకు తిప్పుకుంటున్నారంటే బంతి గట్టిదైనా అయ్యుండాలి, వేగంగానైనా వస్తుండాలి. ముందు మెత్తటి బంతి ఇచ్చి చూడండి, గుర్తు తర్వాత పెట్టొచ్చు.

కొలతటేప్:
పరుగునూ లాంగ్ జంప్‌నూ పూర్తిగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. గ్రేడ్‌లోంచి తీసెయ్యండి, రికార్డులోంచి వద్దు. పోయినసారి తన లెక్కెంత, ఈసారి ఎంత అని పిల్ల తన కార్డు మీద తనే రాసుకుంటే అది మంచి పాఠమే. గోడ మీద ర్యాంకుల పట్టిక అంటించడమే పనికిరానిది.

20 మీటర్ల షటిల్ పరుగు ఉంది కదా, బీప్‌కు తగ్గట్టు అటూ ఇటూ పరిగెత్తేది. దాని వాడుకలో ఉన్న రూపంలో వేగం గంటకు 8.5 కిలోమీటర్లతో మొదలై నిమిషానికి 0.5 చొప్పున పెరుగుతుంది. పిల్లల ఫిట్‌నెస్ కొలవడానికి దాన్ని వాడే అమెరికా కార్యక్రమం ఫిట్‌నెస్‌గ్రామ్‌ను కూపర్ ఇన్‌స్టిట్యూట్ 1982లో మొదలుపెట్టింది. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చకుండా, ఆరోగ్యానికి సరిపడే హద్దు ఎక్కడన్నదే అందులో చూస్తారు. ఆ ఫలితాలతో గ్రేడ్ వెయ్యొద్దనే చెబుతారు కూడా. చిన్న తరగతుల్లో అయితే వేగాన్ని ఎలా సర్దుకోవాలో పరిచయం చెయ్యడానికే వాడాలి. ఏడేళ్ల పిల్లలు మొదటి బీప్‌కే ప్రాణం పెట్టి పరిగెత్తి మూడో నిమిషంలో కూలబడతారు. అది గుండె సత్తువ లెక్క ఎలా అవుతుంది?

ఉంది, లేదు పద్ధతికి మంచి నమూనా కావాలంటే టీజీఎండీ-3 చూడండి, పరుగు, గెంతు, విసురు లాంటి పెద్ద కదలికలు పిల్లలకు ఎంత వచ్చో చూసే పరీక్ష అది. 3 ఏళ్ల నుంచి 10 ఏళ్ల 11 నెలల వరకు పిల్లల కోసం చేసింది. పరుగు, గెంతు లాంటివి ఆరు, బంతి పనులు ఏడు, కలిపి 13. ఒక్కోటి ఒకసారి సాధన, రెండుసార్లు లెక్క, ప్రతి అంశానికి 1 లేదా 0. అయితే అది ఒక్కొక్క పిల్లకు విడివిడిగా పెట్టే పరీక్ష, 36 మందికి మొత్తం పెడితే టర్మ్ అంతా దానికే పోతుంది. దాని అచ్చు తీసుకుని, మీరు ఆ టర్మ్‌లో నేర్పిన రెండు మూడు పనులకు వాడుకోండి. నేర్పనిదానికి మార్కు వేసే హక్కు మనకు లేదు.

తెల్లగీత:
చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. గ్రేడ్‌గా మార్చడం ఇంకా తేలలేదు. కష్టపడే పిల్లలకు ఏమీ కలపకూడదా? వీల్‌చైర్‌లో ఉన్న విద్యార్థి ఉంటే? ఇంకొకటి, నా కన్ను సరిగ్గా చూస్తోందని ఎలా తెలుస్తుంది?

నాలుగోగడి:
గ్రేడ్ సంగతి ముందు. మూడు మెట్లు చాలు. నాలుగూ ఐదూ పెడితే మధ్య మెట్ల తేడా మీకే తెలియదు. విసరడానికి ఇలా: ఐదు విసుర్లలో నాలుగింట్లో నాలుగు అంశాలూ ఉంటే 3. ఎదురు కాలు పడుతూ మిగతావాటిలో కనీసం ఒకటి ఉంటే 2. ఎదురు కాలు ఇంకా పడకపోతే 1. కాలుకు అంత బరువు ఎందుకంటే, అది పడనిదే నడుం తిరగడం పూర్తిగా రాదు. ఐదు విసుర్లూ ఒకే రోజు అక్కర్లేదు. అంశాలు వారానికొకటి చూస్తూ వెళ్లి, చివరి రెండు పీరియడ్లలో మొత్తం ఒకసారి సరిచూస్తే సరి.

సగటు తియ్యొద్దు. రెండో వారం 1, ఐదో వారం 1, పదో వారం 3 వచ్చిన పిల్లకు సగటు 1.67 అవుతుంది. కానీ ఆ పిల్లకు ఇప్పుడు విసరడం వచ్చు. కార్డులో 3 రాయాలి. సగటు తీస్తే నేర్చుకునే లోపు తప్పినందుకు శిక్ష వేసినట్టే. పీరియడ్లకు రాని పిల్లకు సి కాదు, "చూడలేదు" అని రాయండి.

కష్టపడటానికి వేరే గడి పెట్టండి, విద్య గ్రేడ్‌లో కలపకండి. కలిపేస్తే బి చూసిన తల్లిదండ్రులకు పిల్ల విసరలేకపోతోందా, అల్లరి చేస్తోందా అర్థం కాదు. ఆ గడిలో కూడా కంటికి కనిపించేదే: విజిల్ ఆగిన 10 సెకన్లలో మొదలుపెట్టిందా, చెప్పించుకోకుండా కొనసాగిస్తోందా, సామాను పక్కవాళ్లకు అందిస్తోందా. "ఉత్సాహం" అని రాస్తే గట్టిగా అరిచే పిల్లలకే పడిపోతుంది, నెమ్మదస్తులకు అన్యాయం.

వీల్‌చైర్ విషయం. లక్ష్యం అదే ఉంచి దూరం, బంతి, నిలిచే తీరు మార్చండి. అడుగు అన్న అంశం ఆ విద్యార్థికి వర్తించదు కాబట్టి తీసేసి మూడింటికే లెక్క కట్టండి. నాలుగోదానికి సున్నా వేసి నాలుగింటికి కట్టడం తప్పు. భుజం తిరగడం చూడాలి, చక్రాల బ్రేకు వేసి ఉండాలి, లేదంటే విసురు బలమంతా కుర్చీ వెనక్కి జరగడంలో పోతుంది. ఏ మార్పుతో కొలిచారో పేరు పక్కన ఒక ముక్క రాయండి, వచ్చే టర్మ్ కూడా అదే మార్పుతో కొలవాలిగా.

కన్ను సంగతి: పదిమంది పిల్లలను పక్కనుంచి వీడియో తీసి, మీరూ ఇంకో టీచరూ విడివిడిగా చూసి గుర్తులు పెట్టండి. పదిమంది, నాలుగు అంశాలు, 40 గుర్తులు. 34 కలిస్తే 85 శాతం. 80 దాటితే సరేననుకోవచ్చు. తగ్గితే ఎక్కువగా తేడా ఏ అంశంలో వచ్చిందో చూడండి, సాధారణంగా ఆ వాక్యమే గజిబిజిగా ఉంటుంది. "నడుం తిప్పాలి" అంటే ఎంత? "విసరని భుజం గోడవైపు ఉండాలి" అంటే ఇద్దరికీ ఒకటే కనిపిస్తుంది. వీడియోకు బడి అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుకోలు ముందే తీసుకోవాలి, లెక్క అవగానే తుడిచెయ్యాలి.

రెండోబెల్:
అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక టర్మ్‌కు మూడు పనులు మించితే నేర్పే టైం కొలవడానికే పోతుంది. 1, 2 తరగతులకు గెంతడం, దొర్లించడం, పట్టుకోవడం. పై తరగతులకు విసరడం, తన్నడం, చేత్తో బంతి తట్టడం. ఏం తెలిసిందో అడగాలంటే చిన్నవాళ్లకు మూడు బొమ్మలు చూపించి సరైనదాని మీద వేలు పెట్టమనండి, రాయించొద్దు. పెద్దవాళ్లకు పీరియడ్ చివర చిన్న చీటీ, ఒకే ప్రశ్న: "నీ విసురులో ఈరోజు ఏ అంశం ఇంకా రాలేదు?" 36 చీటీలు చూడటానికి పది నిమిషాలు పడుతుంది. తమకు రానిదాన్ని సరిగ్గా పట్టుకున్నవాళ్ల చీటీలు ఒక కుప్ప, పట్టుకోలేనివాళ్లవి ఇంకో కుప్ప. రెండో కుప్పవాళ్లతో వచ్చే వారం మొదటి స్టేషన్ మీ దగ్గరే మొదలుపెట్టించండి.