బిళ్ళగన్నేరు పూలు ఆకులైపోతున్నాయి, మందార చిగురు ముద్దకట్టింది: ఒకే తెగులా?

ప్రశ్న:
మిద్దె మీద పక్కపక్క కుండీలు. బిళ్ళగన్నేరుకి రేకుల చోట పచ్చటి చిన్నాకులు వస్తున్నాయి, కణుపు కణుపుకీ సన్నరెమ్మలు చీపురులా పుడుతున్నాయి. మందారకేమో చిగుళ్ళు ముడుచుకుని ముద్దలా గట్టిపడ్డాయి, మొగ్గలు విచ్చకముందే రాలుతున్నాయి. వేపనూనె రెండుసార్లు కొట్టినా మార్పు లేదు. ఒకదాన్నుంచి ఒకదానికి అంటిందా? రెండూ పీకెయ్యాలా?

జవాబు 1:
రెండూ వేర్వేరండీ. బిళ్ళగన్నేరుది నువ్వుచేలో, వంగతోటలో రైతులు వెర్రి తెగులు అనేదే. కారణం ఫైటోప్లాస్మా అనే బాక్టీరియా. ఆకు వండిన ఆహారం పారే నాళాల్లో దాని కాపురం, మోసుకొచ్చేవి రసం పీల్చే దీపపు పురుగులు. రేకులుగా, కేసరాలుగా మారమని మొగ్గకు చెప్పే ప్రోటీన్లను ఇది విరగ్గొడుతుంది. ఆ ఆజ్ఞ అందక పువ్వు మళ్ళీ ఆకు దారి పడుతుంది. వేపనూనె నాళాల్లోకి చేరదు. పెన్సిలిన్ దెబ్బతీసేది బాక్టీరియా కణకవచాన్ని, దీనికి ఆ కవచమే లేదు గనుక అది పనిచేయదు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ లక్షణాలను అణుస్తుందే గానీ ఆపగానే తిరగబెడుతుంది. కుండీ మొక్కకు ఆ ప్రయాస దండగ. వేళ్ళతో పీకి కవరులో కట్టి పారేయండి, కుండీల్లో కలుపు కూడా తీసేయండి. మట్టి పారబోయక్కర్లేదు, ఈ క్రిమి మట్టిలో బతకదు. ఆ మొక్క కొమ్మలు మాత్రం నాటొద్దు.

జవాబు 2:
మందార ముద్దను విప్పి చూడండి. లోపల తెల్లటి దూది, గులాబీరంగు పురుగులు ఉంటే పిండినల్లి. దాని లాలాజలంలోని విషానికే కణుపులు కురచబడి చిగురు ముడుచుకుంటుంది. మీ వేపనూనె పైమడతల దగ్గరే ఆగిపోయింది, లోపల గుడ్లసంచి మైనపు దూదిని తడపనే లేదు. ముద్దకు జానెడు కింద కత్తిరించి, ముక్కల్ని నేరుగా సబ్బునీళ్ళ బకెట్లో వేయండి. కింద పడేస్తే పిల్లపురుగులు పాకిపోతాయి. తర్వాత 5 మి.లీ. వేపనూనెలో 1 మి.లీ. లిక్విడ్ సోపు ముందు కలిపి, ఆపైన లీటరు నీళ్ళు పోసి, సాయంత్రం ఆకు అడుగు తడిసేలా వారానికోసారి మూడుసార్లు కొట్టండి. గుడ్లు ఒకేసారి పొదగవు గనుక ఒక్కసారితో పోదు. చీమలు ఎక్కుతుంటే కుండీని నీళ్ళ పళ్ళెంలో ఇటుక మీద పెట్టండి. పిండినల్లి విడిచే తీపి రసం కోసం అవి దానికి కాపలా కాస్తాయి. పిండినల్లి లాగే దూదితో, కానీ పెద్దగా, చురుగ్గా పరిగెత్తేవి కనబడితే చంపకండి. అవి దాన్ని తినే అక్షింతల పురుగు పిల్లలు.

జవాబు 3:
పురుగే కనబడకపోతే స్ప్రేయరును అనుమానించండి. కలుపుమందు 2,4-డి కొట్టిన పంపు సరిగా కడక్కుండా వాడితే, పత్తి కుటుంబానికి చెందిన మందార ఆకులు సన్నబడి, ఈనెలు దగ్గరపడి మెలితిరుగుతాయి. అది అంటుకునేది కాదు. నీళ్ళు పెడుతూ ఆగండి, తేలికపాటి దెబ్బైతే కొత్త చిగురు మామూలుగా వస్తుంది. కలుపుమందుకు పంపు వేరే ఉంచుకోవడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
విప్పితే దూది, గులాబీ పురుగులే. కత్తిరించేశాను. బిళ్ళగన్నేరు గింజలు దాచుకోవచ్చా? ఇంకొకటి, చామంతి కొమ్మ ఒకటి రిబ్బనులా చదునుగా పెరుగుతోంది, అదీ వెర్రేనా?

జవాబు 1:
పచ్చబడిన పువ్వుకు గింజ కట్టదు. గింజలు ఆరోగ్యమైన మొక్క నుంచే తీసుకోండి. చామంతిది వేరు: చుక్కలా ఉండాల్సిన ఎదిగే మొన గీతలా సాగితే కొమ్మ చదునవుతుంది. చలిదెబ్బ, పురుగుకాటు, జన్యుమార్పు ఏదైనా కారణం కావచ్చు. ఒక్క కొమ్మకే ఉంటే భయం లేదు, నచ్చకపోతే మామూలు కణుపు దాకా తుంచేయండి. కోడిజుట్టు పువ్వు ఈ వికారమే, ఏరి ఏరి గింజలోనే స్థిరపరిచారు.